పాలక్యాను చాటింపు

రేణిగుంటలో ఇప్పుడు నేను పనిచేస్తున్న బడిలో మొన్న తల్లిదండ్రుల కమిటీ సమావేశం జరిగింది. జరిగిందని పుస్తకంలో రాశారు కాబట్టి జరిగినట్టే. సభ్యుల్లో చాలామంది ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయేవాళ్ళు, బడికొచ్చి కూర్చునే తీరిక వాళ్ళకు లేదు. అందుకని బడి ఆయా పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకొచ్చింది. దేనికి సంతకం పెడుతున్నామని ఒక్కరూ అడగలేదట. పుస్తకం నా బల్ల మీద పెట్టి, మీటింగు అయిపోయింది సార్ అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. నా సంతకం ఒక్కటే మిగిలింది. పెన్ను తీస్తుండగా ఫోను మోగింది. పలమనేరు దగ్గర నేను ఇదివరకు పనిచేసిన ఊరి నుంచి.

"అయివారా, మీ ప్రెసిడెంటమ్మ పొయ్యింది," అన్నాడు ఆమె మొగుడు.

పెన్ను మూత పెట్టేశాను. ఆ పుస్తకంలో సంతకం పెట్టబుద్ధి కాలేదు.

మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు అనే పిలుస్తారు. అయితే ఆమె ప్రెసిడెంటు కాకముందే నాకు తెలుసు. అప్పుడు మా బడి కమిటీకి ఛైర్మను. బెంగుళూరు రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు అది. రెండు గదుల బడి, ముందు ఒక వరండా, అందులో నేనొక్కణ్ణే అయివారిని. చలికాలం పొద్దున మంచు విడవకముందే ఆమె డెయిరీ కేంద్రంలో పాలు పోసి, ఖాళీ క్యాను చేత పట్టుకుని నేరుగా బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. నేను బస్సు దిగి నడిచి వచ్చేదాకా అక్కడే ఉండేది. నేను రాగానే ఒకసారి తల ఊపి ఇంటికి పోయేది.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ట్రైనింగు చదివి, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి, నాకు ఈమె కాపలా ఏమిటి అనుకునేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక, నన్ను కనిపెట్టడానికే రోజూ వస్తున్నారా అమ్మా అని అడిగేశాను. నొచ్చుకుంటుందేమో, కాదంటుందేమో అనుకున్నాను.

"అవును," అంది. "కమిటీ అంటే అదే గదా అయివారా. నువ్వు మంచోడివే. మంచోడివని ఊరికి తెలియాలంటే ఎవురో ఒకరు సూడాల గదా."

మర్నాటి నుంచి ఇంకో బస్సు ముందే రావడం మొదలుపెట్టాను. ఆమె కూడా ఇంకాస్త ముందుగా రావడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అన్నం వేళకు చెప్పాపెట్టకుండా వచ్చి పిల్లల వరసలో కూర్చుని, వాళ్ళు తినేదే తినేది. సాంబారు పలచగా ఉంటే వంట చేసే ఆమెను పిల్లల ముందు ఏమీ అనేది కాదు, తిన్న పళ్ళెం తానే కడిగి పక్కకు తీసుకుపోయి చెప్పేది. ఇంట్లో ఆవు ఈనితే మొదటి జున్ను బడికే. నాకూ ఒక ముక్క పెట్టేది. అట్లా ఒకసారి జున్ను తెచ్చిన రోజునే మండలం నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. ఆమె డబ్బా మీద కొంగు కప్పి, ఆయన జీపు ఎక్కి పోయేదాకా మూత తీయలేదు. పిల్లలేమో వాసనకు లొట్టలు వేస్తున్నారు. ఎందుకిలా చేశారని అడిగితే, తనిఖీకి వచ్చినోడికి తినిపిస్తే ఇంక తనిఖీ ఏముంటుందని ఎదురు అడిగింది. అంతటితో ఆగిందా అంటే ఆగలేదు. ఆ అధికారి జీపు ఎక్కేముందు ఆయన్నే పట్టుకుంది.

"నువ్వు మా అయివారిని సూసేకి వచ్చినావు, మంచిదే. నిన్ను సూసేకి ఎవురొస్తారు సార్?"

ఆయన పెద్ద జోకు విన్నట్టు నవ్వాడు. ఆమె నవ్వలేదు. జవాబు కోసం నిలబడింది. జీపు మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడే ఉంది.

ఆ తర్వాత ఆడవాళ్ళకు రిజర్వు అయిన సీటులో ఊరివాళ్ళు ఆమెను ప్రెసిడెంటును చేశారు. పేరు ఆమెది, పెత్తనం మొగుడిది అవుతుందని అందరూ లెక్క వేసుకున్నారు. ఆయన కూడా మొదటిరోజు తెల్లచొక్కా వేసుకుని పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. ఆవులు అరస్తా ఉండాయి పో అని ఆమె గుమ్మంలోంచే వెనక్కి పంపించింది. ఆయన నిజంగానే వెళ్ళి పాలు పితికాడు. అప్పటి నుంచి ఆ పని ఆయనదే అయింది. అందుకు ఆయన ఎప్పుడూ బాధపడలేదు కానీ, ఆమెను ఆటపట్టించే అవకాశాన్ని మాత్రం ఒక్కరోజూ వదులుకోలేదు.

ఆ ఊళ్ళో గ్రామసభ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఇప్పుడు మా రేణిగుంట బడిలో తిరిగినట్టే అక్కడా తీర్మానాల పుస్తకం ఇల్లిల్లూ తిరిగేది. పంచాయతీ కార్యదర్శి ఆ అలవాటు ప్రకారమే పుస్తకం పట్టుకుని ఆమె పాలు పోసే చోటికి వచ్చాడు. లోపల తీర్మానం ముందే టైపు చేసి అతికించి ఉంది. ఫలానా పథకం పట్ల సభ ఏకగ్రీవంగా హర్షం వ్యక్తం చేయడమైనది అని ఉంది. ఆమె ఆయన్ను బడికి వెంటబెట్టుకొచ్చి, నాచేత రెండుసార్లు చదివించుకుంది. మన ఊళ్ళో ఇట్లా ఎవరు మాట్లాడినారు అని కార్యదర్శిని అడిగింది. అది మామూలుగా రాసే మాటేనమ్మా, అన్ని ఊళ్ళలో అదే రాస్తారు అని ఆయన సర్దిచెప్పబోయాడు.

"సభ యాడ జరుగుతాదో ఆడ పెడతా సంతకం. పాలకేంద్రం కాడ పెట్టను."

సభ జరపాలంటే ముందు ఊరంతా చాటింపు వేయాలి. వెనకటి రోజుల్లో ఊరి చివరి దళిత కాలనీవాళ్ళు పలక డప్పు కొట్టి చాటేవాళ్ళు. మా తాతలు కొట్టింది చాలు, మేము కొట్టమని అక్కడి కుర్రవాళ్ళు మానేసి చాలా ఏళ్ళయింది. ఊరిపెద్దలకు అది కోపం. ఆమెకు మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు. పిలిచేది ప్రెసిడెంటు కదా, ప్రెసిడెంటే కొట్టుకుంటుందిలే అని, పాలక్యాను చంకకు తగిలించుకుని, పాలు కొలిచే గరిటెతో దాని మీద కొట్టుకుంటూ బయల్దేరింది. పై వీధి నుంచి కాలనీ చివరి ఇల్లు దాకా తిరిగింది. మొగుడు అరుగు మీద కూర్చుని, మే, ఇంట్లో కొట్టేది సాల్లేదని ఊర్లో కూడా కొడతా ఉండావా అని అందరూ వినేటట్టు అరిచాడు. ఊరు ఊరంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. గరిటె మాత్రం ఆపలేదు.

ఆ మొదటి సభకు నేను, కార్యదర్శి, ఆమె మొగుడు తప్ప ఎవరూ రాలేదు. బడి వరండాలో చాపలు పరిచింది. కుర్చీలు వద్దంది. కుర్చీలు వేస్తే నలుగురు కూర్చుని మిగిలినవాళ్ళు నిలబడతారని ఆమె వాదన. కార్యదర్శి కూడా ప్యాంటు మడుచుకుని చాప మీద కూర్చోక తప్పలేదు. ఖాళీ చాపల ముందు చాలాసేపు కూర్చుని, ఎవరూ రాలేదని రాయమంది. అట్లా రాస్తే పైన బాగుండదని ఆయన గొణిగాడు. రాలేదు కాబట్టి రాలేదనే రాయమంది. తర్వాతి సభకూ అంతే. ఆ తర్వాత, ఈ ముసలామె ప్రతిసారీ ఎండలో క్యాను కొట్టుకుంటూ తిరుగుతూ ఉంటే చూడలేక కొందరు, వేడుక చూడటానికి కొందరు రావడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి వీధిదీపాల గురించి కొట్లాడుకునేటంతగా సభ కుదురుకుంది.

ఆమె మొండితనం అన్నివేళలా ముచ్చటగా ఉండేదని చెప్పను. ఒక వానాకాలం బడి కప్పు కారుతుంటే, చేతిలో డబ్బున్నా సభలో చెప్పకుండా బాగుచేయించనని పట్టుపట్టింది. సభ పెట్టేసరికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ పిల్లలు ఒక మూలకు ముడుచుకుని కూర్చున్నారు, పుస్తకాలు తడిశాయి. నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె మాత్రం రోజూ వచ్చి, తడిసిన చాపలు గోడమీద ఆరేసి పోయేది.

అట్లాంటి మనిషి చేతుల మీదుగానే ఆ బడి పోయింది.

చిన్న బడుల్ని పెద్ద బడుల్లో కలిపేస్తున్నారని అప్పుడు పైనుంచి మాట వచ్చింది. మా బడిని హైవే అవతలి ఊరి బడిలో కలపాలి. అందుకు ఊరి సమ్మతి తీర్మానం కావాలన్నారు. సభ ఏరోజు పెట్టాలో కూడా వాళ్ళే చెప్పారు. అవి టమోటా కోతల రోజులు. మా బడి పిల్లల్లో ఎక్కువమంది కాలనీవాళ్ళ పిల్లలే, వాళ్ళ తల్లిదండ్రులంతా కోతల్లో ఉన్నారు. ముందురోజు సాయంత్రం ఆమె క్యాను కొట్టుకుంటూ కాలనీకి పోతే, ఎల్లుండి పెట్టుకోమ్మా, రేపు లారీ నిలబడి ఉంటాది, పనికి పోకుంటే కుదరదు అన్నారు. ఆమె మండలానికి ఫోను చేసి బతిమాలింది. రోజు మార్చడం కుదరదన్నారు.

మర్నాడు చాపల మీదికి వచ్చినవాళ్ళు చాలావరకు పై వీధివాళ్ళు. వాళ్ళ పిల్లలు పసుపుపచ్చ బస్సెక్కి పలమనేరుకు పోయి ప్రైవేటు బడిలో చదువుతున్నారు. మా బడి ఉన్నా పోయినా వాళ్ళకు ఒకటే. పైగా గదులు ఖాళీ అయితే అందులో పాలు చల్లబరిచే పెద్ద కేంద్రం పెట్టుకోవచ్చని వచ్చిన అధికారి ఆశ పెట్టాడు. ఆవులున్న ఇళ్ళవాళ్ళకు ఆ మాట బాగా నచ్చింది. ఆవులు ఆమెకూ ఉన్నాయి.

సభ చెల్లాలంటే కనీసం ఇంతమంది ఉండాలని ఒక లెక్క ఉంది కదా, కోరం. కార్యదర్శి తలలు లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆమెను కలుపుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఆమె లేకపోతే సరిపోదు. ఆ సంగతి తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె పక్కకు వెళ్ళి కూర్చుని, మీరు లేచి ఇంటికి పొండి అమ్మా, కోరం ఉండదు, సభ వాయిదా పడుతుంది, ఈలోపు కాలనీవాళ్ళకు చెప్పుకోవచ్చు అని చెవిలో చెప్పాను.

ఆమె నావైపు తిరిగింది.

"పిలిచిందే నేను గదా అయివారా. పిలిచినదాన్ని నేనే లేసిపోతే, రేపు పిలిస్తే ఎవురొస్తారు?"

"బడి పోతుందమ్మా."

"పోతాది. తెలస్తానే ఉండాది."

ఆమె లేవలేదు. ఒళ్ళో ఉన్న క్యాను అంచును బొటనవేలితో రుద్దుతూ అక్కడే కూర్చుంది. చేతులెత్తమన్నప్పుడు వద్దని ఎత్తిన చేతులు మూడే, ఆమెది, వంటామెది, ఇంకో ముసలాయనది. మిగిలినవన్నీ సరేనన్న చేతులే. కార్యదర్శి రాశాడు. ఆమె పెద్ద పెద్ద అక్షరాలతో, కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెట్టిన తర్వాత తలెత్తలేదు.

నాకు ఆమె మీద ఇప్పటికీ కోపమే. నేను చెప్పింది దొంగదారి కాదు, నియమం ఒప్పుకున్న దారే. ఎవరినీ మోసం చేయకుండా ఆ బడి నిలబడేది. అయితే ఒకటి చెప్పాలి. ఆ తర్వాత ఎన్నో కమిటీల్లో కూర్చున్నాను. తనకు ఇష్టం లేనిదే జరగబోతుందని తెలిసి కూడా, అది జరగడానికి తన తల ఒకటి తక్కువ కాకుండా కూర్చున్న మనిషిని మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ తీర్మానానికి వారం తిరగకముందే ఆమోదం వచ్చింది. బెంచీలు ట్రాక్టరుకు ఎక్కించారు. నాకు బదిలీ అయింది. సామాను తీసుకోవడానికి పోయిన పొద్దున ఆమె ఖాళీ క్యాను పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూసి ఎప్పటిలాగే తల ఊపింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె చూడనట్టు క్యాను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

తర్వాతి సంగతులు ఆమె మొగుడు ఫోనులో చెబుతూ ఉండేవాడు. పిల్లల కోసం పెడతామన్న వ్యాను కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయిందట. హైవే దాటి పోవడానికి భయపడి కొందరు మానేశారట. కాలనీ ఆడవాళ్ళు ఇంటిమీదికి వచ్చి, నువ్వు ఆ పొద్దు లేసిపోయుంటే మా బడి ఉండేది కదా అని నిలదీస్తే, ఉండేది అని మాత్రం అందట. చదువు మానేసిన ఒక ఆడపిల్ల చివరికి ఆమె దగ్గరికే గడ్డి కోసే కూలికి వచ్చింది. ఆమె ఆ పిల్ల చేతిలోంచి కొడవలి తీసుకుని, ఇంటికి పంపేసి, ఆ సాయంత్రమే క్యాను తగిలించుకుని వీధిలోకి నడిచిందట.

ఈసారి రోజు ఆమే పెట్టింది. ఆదివారం, కూలికి పోయినవాళ్ళు కూడా ఇళ్ళకు వచ్చే వేళ. మూతపడిన బడి వరండా చాలక జనం వీధిలో కూర్చున్నారట. ఆ పెద్ద పాలకేంద్రం ఎటూ రాలేదు, ప్రైవేటు బడిలో ఫీజులు పెంచేశారు, పై వీధివాళ్ళకు కూడా బుద్ధి వచ్చింది. బడి మళ్ళీ తెరవాలని అందరూ చేతులెత్తారు. మొగుడు నాకు ఫోను చేసి, వినండి అయివారా అని ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఆ గోల వింటుంటే నా కడుపు నిండిపోయింది.

ఆ తీర్మానం పైకి పోయింది. జవాబు మాత్రం రాలేదు.

బడి తీసేయడానికి ఊరి మాట కావలసినవాళ్ళకు, తెరవడానికి అక్కరలేదు. అది పంచాయతీ చేతిలోని విషయం కాదని ఎవరో నోటిమాటగా అన్నారట. అదే కాగితం మీద రాసివ్వమంటే ఎవరూ రాయలేదు. ఒక సోమవారం నేను నా సర్వీసు పని మీద చిత్తూరుకు పోతే, అర్జీలు తీసుకునే చోట చెట్టుకింద నేలమీద కూర్చుని కనిపించింది. బాగా చిక్కిపోయింది. పక్కన క్యాను లేకపోయేసరికి ఎవరో అనుకున్నాను. ప్రతి సోమవారం వస్తూనే ఉందట. అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు, రసీదు తీసుకుని సాయంత్రం పాల వేళకు ఇల్లు చేరుతుంది. నాకు కోపం ఆగలేదు. వాళ్ళు తెరవరమ్మా, మీకు ఇంకా అర్థం కాలేదా, ఎందుకిలా ఒళ్ళు పాడుచేసుకుంటారు అని కసిరాను.

"తెరవకపోతే పోనీ అయివారా," అంది. "వద్దనేదానికైనా ఒక కాయితం రాయాల గదా. ఊరంతా కూర్చుని ఒక మాట చెప్తే, విన్నామని అనాల గదా."

ఆమెకు అన్నం పెట్టించి, పలమనేరు బస్సు ఎక్కించాను. కిటికీలోంచి తల ఊపింది. నేను ఆమెను చూడటం అదే ఆఖరు.

ఫోను వచ్చిన మర్నాడు బయల్దేరి వెళ్ళాను. అప్పటికే అంతా అయిపోయింది. ఇంటి ముందు చాపలు పరిచి ఉన్నాయి, సభకు పరిచే చాపలే. ఆమె మొగుడు వాటి మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కొట్టంలో క్యాను మేకుకు తగిలించి ఉంది. గరిటె దెబ్బలకు ఒకవైపంతా లోపలికి పోయి, ఒకచోట చిల్లు పడింది. అందులో పాలు పోసి ఎన్నాళ్ళయిందో.

ఆయన తనంతట తానే చెప్పాడు. ఇంక లాభం లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపించేశారట. ఆ సంగతి తెలిసి పై వీధీ, కాలనీ అని లేకుండా జనమంతా వచ్చారు. ఇంట్లో చోటు చాలక ఆమె మంచాన్ని వాకిట్లోకి తెచ్చారు. అందరూ చాపల మీద కూర్చున్నారు. ఆమె కళ్ళు తెరిచి, లేపి కూర్చోబెట్టమని సైగ చేసిందట. కూర్చోబెడితే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరినే చూసిందట. అయినవాళ్ళు ఎవరెవరు వచ్చారో చూసుకుంటోంది అనుకున్నారు.

"ఇంతమంది ఉండారు గదా, కోరం ఉండాది, బడి సంగతి మాట్లాడుకోండి అనింది అయివారా," అన్నాడాయన.

"మాట్లాడారా?" అని అడిగాను.

ఆయన చాప అంచున లేచిన పుల్లను వేలితో లోపలికి నొక్కాడు.

"ఎవురూ నోరు తెరవలా. అందరూ ఏడస్తా కూర్చున్నారు. ఎవురన్నా మాట్లాడతారేమోనని ఆమె అట్లే సూస్తా ఉండింది. పొద్దు గూకేదాకా సూసింది."